‘మావ’ అన్న మాటకు ఇంగ్లీషు

కోవిడ్ తగ్గి కోర్టుల్లో సాక్షుల విచారణ మళ్ళీ మామూలుగా మొదలైన ఏడాది, వేసవి సెలవులు ముగిసిన వారంలో నన్ను ఒక అసిస్టెంట్ సెషన్స్ కోర్టుకు స్టెనోగ్రాఫరుగా బదిలీ చేశారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సరిహద్దుకు దగ్గరలో ఉన్న పట్టణం అది. ఈ సంగతిలోని మనుషులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు కాబట్టి ఊరి పేరు రాయను, వాళ్ళ అసలు పేర్లూ రాయను. అప్పటికి నా సర్వీసు ఇంకా మూడేళ్ళు మిగిలి ఉంది. అరసవల్లిలో కాపురం ఉంటూ రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి.

కోర్టు స్టెనో పని బయటివాళ్ళకు అంతగా తెలియదు. సాక్షి బోనులో నిలబడి తెలుగులో చెబుతాడు. జడ్జిగారు విని, దాన్ని ఇంగ్లీషు వాక్యంగా మార్చి డిక్టేట్ చేస్తారు. నేను షార్ట్‌హ్యాండ్‌లో దించుకుని టైపు చేస్తాను. దాన్ని వాంగ్మూలం అంటారు. చివరి పేజీలో ‘చదివి వినిపించడమైనది, సరిగా ఉన్నదని సాక్షి ఒప్పుకున్నది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఉంటుంది. దాని కింద సాక్షి సంతకమో వేలిముద్రో, జడ్జిగారి సంతకమూ పడితే ఆ కాగితం సాక్ష్యం అవుతుంది. సాక్షి నోటి మాటకు తర్వాత విలువ లేదు. కాగితానిదే విలువ.

చట్టం ప్రకారం ఆ చదివి వినిపించడం నిజంగా జరగాలి. రోజుకు ఆరేడుగురు సాక్షులుండే కోర్టుల్లో అది జరగడం అరుదు. టైపు చేసేవాణ్ణి నేనే కనుక ఆ వాక్యం ఎన్ని వేలసార్లు కొట్టానో నాకే తెలియదు. చదివి వినిపించినవి మాత్రం చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

జడ్జిగారు దక్షిణాది జిల్లాల నుంచి వచ్చినవారు. నిక్కచ్చి మనిషి. ఈ ప్రాంతపు మాట ఆయనకు కొత్త. మొదటి వారంలో ఒక సాక్షి “కర్ర అట్టుకొని వచ్చినాడు” అంటే, “అట్టుకొని అంటే ఏమిటి?” అని బెంచి క్లర్కును అడిగారు. ‘పట్టుకొని’ అని బెంచి క్లర్కు చెప్పాడు. నేను నోట్‌బుక్కులోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మాట నాకు తెలుసని ఆయనకు తెలియనివ్వలేదు.

ఎందుకో చెప్పాలి. మా నాన్న విజయనగరం వైపు జనపనార మిల్లులో కార్మికుడు. అక్షరం రాదు. నన్ను మాత్రం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించి ఇంగ్లీషు షార్ట్‌హ్యాండ్ నేర్పించాడు. మొదటి రోజు నేను “ఏటి సార్?” అన్నాను. హాలంతా నవ్వింది. ఆ నవ్వు తర్వాత నేను రెండు భాషలు నేర్చుకున్నాను. ఒకటి ఇంగ్లీషు, రెండోది పుస్తకంలో ఉండే తెలుగు. ఇంట్లో కూడా అదే మాట్లాడేవాణ్ణి. చెల్లెళ్ళు నన్ను ‘కోర్టాయన’ అని వెక్కిరించేవారు. చదువంటే నా దృష్టిలో అదే: మన మాట మనలో మిగలకుండా పోవడం.

కేసుకు వస్తాను. సూర్యనారాయణ అనే రైతుకు గట్టు తగాదాలో తల పగిలింది. ప్రాణం దక్కింది కానీ మాట స్పష్టంగా రాదు, ఆ రోజు సంగతి గుర్తు లేదు. పక్క పొలం లక్ష్మునాయుడు కర్రతో కొట్టాడని పోలీసుల కేసు. అతనే మొదటి ముద్దాయి. కోర్టు భాషలో ఎ1. ప్రధాన సాక్షి సూర్యనారాయణ భార్య అప్పలనరసమ్మ. నలభై దాటిన మనిషి, వేలిముద్ర సాక్షి.

ప్రభుత్వ న్యాయవాది, అంటే పి.పి., అడిగిన ప్రశ్నలకు ఆమె నదురు బెదురు లేకుండా చెప్పింది. గట్టు మీద లక్ష్మునాయుడు తన భర్తను కొట్టాడని, అరుపులు విని ‘అయ్య’ బావి దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చాడని. “అయ్య అంటే మీ నాన్నా?” అని జడ్జిగారు అడిగారు. “కాదు బాబూ, మాయత్త పెనివిటి” అంది. జడ్జిగారు తన ముందున్న ప్యాడ్ మీద ఏదో రాసుకుని, ‘మామగారు’ అనే అర్థంలో నాకు డిక్టేట్ చేశారు.

భోజన విరామానికి ముందు ముద్దాయి తరఫు డిఫెన్స్ న్యాయవాది క్రాస్, అంటే ఎదురు విచారణ, మొదలుపెట్టాడు. అనుభవజ్ఞుడు. ప్రశ్న మీద ప్రశ్న వేగంగా వేస్తాడు. మామగారు సింహాచలానికీ కొడుకుకూ భూమి పంపకాల మీద మనస్పర్థలున్నాయా అని అడిగాడు. లేవంది. మామగారు ఆ రోజు పొలంలోనే ఉన్నాడా? ఉన్నాడంది. వెంటనే, “గొడవ మొదలవకముందు కర్ర ఎవరి చేతిలో ఉంది?” అన్నాడు.

“మావ సేతిలో ఉన్నాది బాబూ” అంది ఆమె.

జడ్జిగారు డిక్టేట్ చేశారు: గొడవకు ముందు కర్ర నా మామగారి చేతిలో ఉన్నమాట నిజమే. నేను రాసుకున్నాను. డిఫెన్స్ న్యాయవాది ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. అంత తొందరగా కూర్చోవడం నాకు వింతగా అనిపించింది, అంతే. భోజనాల వేళ అయింది. టైపు చేశాను, ఆఖరి వాక్యం కొట్టాను, ఆమె వేలిముద్ర వేసింది.

తర్వాతి వాయిదాకు సింహాచలం సాక్షిగా రావాలి. డెబ్బై దాటిన మనిషి, తువ్వాలు భుజం మీద వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. డిఫెన్స్ న్యాయవాది లేచి, ఇతణ్ణి సాక్షిగా విచారించడానికి వీల్లేదన్నాడు. కోడలి సాక్ష్యం ప్రకారమే కర్ర ఇతని చేతిలో ఉందనీ, కొడుకును కొట్టింది ఇతనే కావచ్చనీ, కోర్టు ఇతణ్ణే ముద్దాయిగా చేర్చే విషయం పరిశీలించాలనీ వాదిస్తూ, వాంగ్మూలంలోని ఆ వాక్యం చదివి వినిపించాడు. సాక్ష్యంలో కొత్త మనిషి నేరం బయటపడితే అతణ్ణి ముద్దాయిగా చేర్చే అధికారం కోర్టుకు ఉంది. జడ్జిగారు ఆలోచించి చెబుతానని కేసు మూడు వారాలకు వాయిదా వేశారు. ముసలాయనకు జరిగింది ఏమీ అర్థం కాలేదు. “నన్ను పిలిసినారు కదా బాబూ, సెప్పకుండా ఎల్లిపోమంతారేటి?” అని బంట్రోతును అడుగుతున్నాడు.

వారం తర్వాత అప్పలనరసమ్మ కూతురితో కలిసి ఆఫీసు కౌంటరు దగ్గరకు వచ్చింది. కూతురి పేరు గౌరి అనుకుందాం. విజయనగరంలో డిగ్రీ రెండో ఏడాది. చేతిలో వాంగ్మూలం సర్టిఫైడ్ కాపీ ఉంది. ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది.

“సర్, ఈ వాక్యం రాంగ్ సర్. మా అమ్మ ఫాదర్-ఇన్-లా అని చెప్పలేదు. ఎ1 గురించి చెప్పింది” అంది. తర్వాత అదే విషయాన్ని తప్పులేని ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో చెప్పింది. నేను నమ్మలేదు. ఇంత నేర్పుగా మాట్లాడే పిల్లను ఎవరో న్యాయవాది తయారుచేసి పంపాడనుకున్నాను. సాక్ష్యం అయిపోయాక సాక్షులు మాట మార్చడం మా కోర్టుల్లో రోజూ చూసేదే. ముసలాయన ఇరుక్కున్నాడు, కుటుంబం కూర్చుని ఒక కథ అల్లింది. నా అనుమానం అంతవరకూ వెళ్ళింది.

పక్కనుంచి తల్లి కూతురి చేయి గుంజింది. “ఒసే, ఆయనకి ఇంగ్లీసులో సెప్తావేటే? మన మాటలో సెప్పు.”

గౌరి నా వైపు చూసి, “లక్ష్మునాయుడిని మా అమ్మ మావ అంతాది సర్. ఊర్లో వరస. మా తాతని అయ్య అంతాది. ఎప్పుడూ మావ అననేదు” అంది. కాస్త ఆగి, “మీది ఈ పక్కేనా సర్?” అని అడిగింది.

“కాదు” అన్నాను. “ఏదైనా ఉంటే పి.పి. గారి ద్వారా పిటిషన్ వేసుకోండి” అని కాపీ వెనక్కి ఇచ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక పని సాగలేదు. బీరువాలోంచి ఆ రోజు నోట్‌బుక్కు తీశాను. అందులో ఉండేది జడ్జిగారి డిక్టేషనే, సాక్షి మాటలు ఉండవు. కాబట్టి ఏమీ తేలదనే అనుకున్నాను. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. ‘మామగారు’ అనే గుర్తుకు ముందు వేరే గుర్తు ఒకటి రాసి కొట్టేసి ఉంది. కొట్టివేత కింద చూస్తే ‘ఎ1’ అని ఉంది.

అనుభవమున్న స్టెనో చేయి ఒక్కోసారి డిక్టేషన్ కంటే ముందు వెళుతుంది. సాక్షి చెప్పింది అర్థమైతే, జడ్జిగారు ఏమంటారో ఊహించి ముందే మొదలుపెడుతుంది. ఆ రోజు ఆమె ‘మావ’ అన్నప్పుడు ముద్దాయిల బోను వైపు చేయి చూపించింది. అది నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. నా చేయి ‘ఎ1’ అని రాసింది. జడ్జిగారు ‘మామగారు’ అనగానే కొట్టేసి అదే రాశాను. అంటే తప్పు జరిగిన క్షణంలోనే నాకు తెలుసు. కాపీ చూపిస్తున్న పిల్లను అనుమానించాను కానీ నా నోట్‌బుక్కును అనుమానించలేదు.

రెండు రోజులు ఆలోచించాను. చెబితే రెండు విషయాలు బయటపడతాయి. జడ్జిగారి అనువాదం తప్పు. వాంగ్మూలం చదివి వినిపించకుండానే వినిపించామని రాయడం అబద్ధం. మొదటిది ఆయనది, రెండోది ఇద్దరిదీ. మూడో రోజు సాయంత్రం ఆయన చాంబర్లోకి వెళ్ళి నోట్‌బుక్కు బల్ల మీద పెట్టాను.

ఆయన మొత్తం విన్నారు. ఆ పేజీని దీపం వెలుగుకు దగ్గరగా పట్టుకుని చూశారు.

“ఈ కొట్టివేత ఎప్పటిది?” అన్నారు.

“ఆ రోజుదే సార్.”

“ఈ వారంలోది కాదని ఎలా నమ్మాలి?”

ఆయన నోట్‌బుక్కు మూసి తన వైపు జరుపుకున్నారు.

“వాళ్ళు మిమ్మల్ని కలిశారా?”

కౌంటరు దగ్గర కలిశారని చెప్పాను. ఎన్నిసార్లు, ఏం మాట్లాడారు, ఇంటికి వచ్చారా, ఫోను చేశారా అని వరసగా అడిగారు. చివరికి, “మీ సొంత ఊరేది?” అన్నారు. చెప్పాను. సాక్షి ఊరికి ఎంత దూరమని అడిగారు. బస్సులో గంట అని చెప్పాను. “మరి ఇన్ని నెలలుగా నేను ఈ మాటలకు అర్థం అడుగుతుంటే మీరెప్పుడూ నోరు విప్పలేదేం? ఈ కేసులోనే విప్పుతున్నారేం?” అన్నారు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను యాసను దాచుకున్నది సిగ్గుతో. ఆయనకు అది కుట్రలా కనిపించింది. ఆయన స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నోట్‌బుక్కు తన దగ్గరే ఉంచుకున్నారు. కేసు ముగిసేదాకా ఆ కుటుంబంతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదని నోటితో చెప్పి, మర్నాడు రాతపూర్వకంగా మెమో కూడా ఇచ్చారు.

ఈలోగా పి.పి. సాక్షిని మళ్ళీ పిలిచి విచారించడానికి అనుమతి కోరుతూ పిటిషన్ వేశాడు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి 311 అనే సెక్షన్ ఉండేది. న్యాయం కోసం అవసరమైతే ఏ సాక్షినైనా మళ్ళీ బోనెక్కించవచ్చు. డిఫెన్స్ గట్టిగా అభ్యంతరం చెప్పింది. జడ్జిగారు అనుమతించారు.

ఆ రోజు వాంగ్మూలం రాయడానికి పక్క కోర్టు స్టెనోను పిలిపించారు. నన్ను బెంచి క్లర్కు వెనక కుర్చీలో కూర్చోమన్నారు. కోర్టు హాల్లో ఉన్న ప్రతి న్యాయవాదికీ ఎందుకో అర్థమైంది. కొందరు నా వైపు తిరిగి మరీ చూశారు. అంత కాలం సర్వీసులో నోట్‌బుక్కు లేకుండా కోర్టులో కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

పి.పి. అడిగిన దానికి అప్పలనరసమ్మ, తాను మావ అన్నది లక్ష్మునాయుడినే అని చెప్పింది. డిఫెన్స్ న్యాయవాది లేచాడు. ఈసారి తొందరపడలేదు.

“మీ అమ్మాయి డిగ్రీ చదువుతోంది కదూ?”

“సదుతున్నాది బాబూ.”

“ఇంగ్లీషు బాగా వచ్చు.”

“వచ్చును.”

“ఈ వాంగ్మూలం కాపీ తెచ్చి, ఇందులో మీ మామగారికి ప్రమాదముందని, ఇలా మార్చి చెప్పమని ఆ అమ్మాయే మీకు నేర్పింది కదా?”

“నేర్పనేదు బాబూ. సదివి ఇనిపించినాది.”

“ఇంట్లో చదివి వినిపించాల్సిన అవసరం ఏమొచ్చింది? ఇక్కడ కోర్టులోనే మీకు చదివి వినిపించారు. మీరు ఒప్పుకుని వేలిముద్ర వేశారు.”

ఆమె అతని వైపు కాక జడ్జిగారి వైపు తిరిగింది. “ఇక్కడ నాకెవులూ సదవనేదు బాబూ. ఏలు అద్దమన్నారు, అద్దినాను. నాను సెప్పింది ఏటి రాసినారో నాకేటి తెలస్తాది? నా గుంట సదివితేనే తెలిసినాది. అందుకే కదా దాన్ని సదివించినాను.”

పక్క కోర్టు స్టెనో పెన్ను పట్టుకుని జడ్జిగారి డిక్టేషన్ కోసం చూస్తున్నాడు. జడ్జిగారు ఆ జవాబును ఒక్క మాట వదలకుండా డిక్టేట్ చేశారు. తనకు చదివి వినిపించలేదన్న వాక్యంతో సహా. ఆ వాక్యం రికార్డులోకి ఎక్కితే పై కోర్టు ఆయన్నే సంజాయిషీ అడగవచ్చు. అది తెలిసీ ఎక్కించారు.

అప్పుడు తన పాత ప్యాడ్ తెప్పించారు. మొదటి విచారణ రోజు ఆయన స్వహస్తంతో తెలుగులో రాసుకున్నవి అందులో ఉన్నాయి. ఒక పంక్తి ఇద్దరు న్యాయవాదులకూ చూపించారు. ‘అయ్య = మామగారు’. సాక్షి తన మామగారిని అయ్య అనే పిలుస్తుందని క్రాస్ మొదలవకముందే, ఏ తగాదా లేనప్పుడే, ఆమె నోటి నుంచే వచ్చిందని ఆయన ప్యాడే చెబుతోంది. డిఫెన్స్ న్యాయవాది ఆ పంక్తిని రెండుసార్లు చదువుకుని కూర్చున్నాడు.

చివర్లో జడ్జిగారు ఆ రోజు వాంగ్మూలాన్ని వాక్యం వాక్యం తెలుగులో చెప్పి ఆమెకు వినిపించమన్నారు. చదివింది బెంచి క్లర్కు. పుస్తక భాషలో చదువుతున్నాడు. ఒకచోట ఆమె “ఏటన్నారు బాబూ?” అని అడిగింది. అతను ఇంకోలా చెప్పాడు. ‘మావ’ అన్న మాటకు ఇంగ్లీషు పెట్టకుండా ఆ మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచి, ఎవరిని ఉద్దేశించిందో పక్కన రాయించారు.

కోర్టు లేచాక వరండాలో తల్లీకూతుళ్ళు నా ఎదురుగా వచ్చారు. సింహాచలం కొంచెం వెనకాల మెట్లు దిగుతున్నాడు. అప్పలనరసమ్మ నన్ను గుర్తుపట్టి ఏదో అడగబోయింది. మెమో గుర్తుకొచ్చి నేను చూపు తిప్పుకున్నాను. “ఆయనకి మన మాట రాదమ్మా, ఎల్దాం రా” అంది గౌరి. వచ్చని చెప్పడానికి మెమో అడ్డు. వాళ్ళు గేటు దాటేదాకా అలాగే ఉన్నాను.

సింహాచలాన్ని ముద్దాయిగా చేర్చాలన్న మాట అంతటితో పోయింది. ఆయన సాక్షిగానే వచ్చి చెప్పి వెళ్ళాడు. లక్ష్మునాయుడికి శిక్ష పడింది. హత్యాయత్నం కింద కాదు, తీవ్రంగా గాయపరిచినందుకు. తీర్పులో నా నోట్‌బుక్కు ప్రస్తావన లేదు. దాన్ని నమ్మారో లేదో జడ్జిగారు ఎప్పుడూ చెప్పలేదు. వాంగ్మూలం చదివి వినిపించకుండా వినిపించినట్టు టైపు చేసినందుకు నా నుంచి సంజాయిషీ తీసుకుని, హెచ్చరికతో వదిలేశారు. ఆయన తన వైపు తప్పు గురించి జిల్లా జడ్జిగారికి తనే రాసుకున్నారని తర్వాత విన్నాను. మిగిలిన నెలల్లో నాతో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఒక్క తేడా మాత్రం వచ్చింది. సాక్షి మాట అర్థం కానప్పుడు బెంచి క్లర్కును కాకుండా నన్ను అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ సాక్షిని మళ్ళీ అడిగి సరిచూసుకునేవారు. అది అనుమానమే. ఆ అనుమానం ఉండాల్సిందేనని నాకు అర్థమైంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను టైపు చేసిన ప్రతి వాంగ్మూలాన్నీ సాక్షికి వాళ్ళ మాటలోనే చదివి వినిపించాను. దానివల్ల కొన్ని రోజులు ఆఖరి బస్సు తప్పిపోయేది. చాలా వాంగ్మూలాల్లో దిద్దాల్సింది ఏమీ ఉండేది కాదు. కొన్నింట్లో ఉండేది.

నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించిన విషయమే. సాక్షి చెప్పిందీ కాగితం చెప్పిందీ వేరుగా ఉంటే మేం ముందు సాక్షిని అనుమానిస్తాం. ముందు చూడాల్సింది కాగితాన్ని, దాన్ని రాసిన చేతిని. ఇంటి మాట నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళడం నేను చదువు అనుకున్నాను. వెళ్ళినదాన్ని తిరిగి ఇంటి మాటలోకి తెచ్చి, అదేనా కాదా అని చెప్పగలగడం కూడా చదువులో భాగమే. గౌరికి అది ఇరవై ఏళ్ళకే వచ్చు. నాకు సర్వీసు చివర్లో వచ్చింది.